గ్రీన్ కార్డు నుంచి అమెరికా సిటిజన్‌షిప్: ఏ రోజు అప్లై చేయాలో లెక్క కట్టుకోవడం ఎలా?

సిటిజన్‌షిప్ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం నింపడానికి ఒక సాయంత్రం చాలు. దాన్ని ఏ రోజు పంపాలో తేల్చుకోవడంలోనే అసలు పని ఉంది. ఆ లెక్క తప్పితే కట్టిన ఫీజు పోతుంది, నెలలు పోతాయి. ఒక్కోసారి మూడేళ్ల కిందటి ఇండియా ప్రయాణం బయటికొచ్చి గ్రీన్ కార్డు మీదే ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే వెబ్‌సైటు తెరవకముందే పాత పాస్‌పోర్టులన్నీ, ఒక నోట్‌బుక్కు, ఒక క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చోండి.

మొదటి తేదీ ఎక్కడుంది?

గ్రీన్ కార్డు ముందు వైపు 'రెసిడెంట్ సిన్స్' అని ఒక తేదీ ఉంటుంది. లెక్కంతా అక్కడి నుంచే. కార్డు పోస్టులో చేతికొచ్చిన రోజు, పదేళ్లకు రెన్యూ చేయించుకున్న రోజు దీనికి సంబంధం లేదు. పెళ్లి మీద రెండేళ్ల కండిషనల్ కార్డు వచ్చినవాళ్లకు ఆ రెండేళ్లూ కలుస్తాయి.

హెచ్‌వన్‌బీ వర్క్ వీసా మీద గడిపిన ఏళ్లు మాత్రం కలవవు. కంపెనీ వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140 అప్రూవ్ అయ్యి, క్యూలో వంతు తేల్చే ప్రయారిటీ డేట్ కోసం పది పన్నెండేళ్లు ఎదురుచూసినవాళ్లు మనలో ఎందరో. ఇక్కడే ఇల్లు కొని, పిల్లల్ని కని, ప్రతి ఏటా పన్ను కట్టినా అందులో ఒక్క రోజు కూడా సిటిజన్‌షిప్‌కు కావాల్సిన ఐదేళ్లలోకి రాదు. బాధ కలిగించే నిబంధనే, కానీ చట్టం అలాగే ఉంది.

ఐదేళ్లా, మూడేళ్లా?

18 ఏళ్లు నిండిన పర్మనెంట్ రెసిడెంట్‌కు, అంటే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, మామూలు గడువు 5 ఏళ్లు. భార్య లేదా భర్త అమెరికా సిటిజన్ అయితే 3 ఏళ్లు. ఈ మూడేళ్ల దారిలో మనవాళ్లు ఒకే చోట పొరబడుతుంటారు. భర్తకు పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది, భార్యకు గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లు దాటింది, ఇంకేం అప్లై చేయొచ్చు అనుకుంటారు. చేయకూడదు. ఆ మూడేళ్లూ మీరు పర్మనెంట్ రెసిడెంట్‌గా ఉండాలి, ఆ మూడేళ్లూ జీవిత భాగస్వామి సిటిజన్‌గా ఉండాలి, ఆ మూడేళ్లూ ఇద్దరూ కలిసి కాపురం చేస్తూ ఉండాలి. భర్త సిటిజన్ అయిన రోజు నుంచి మూడేళ్లు లెక్కపెట్టి చూడండి. దంపతులిద్దరికీ ఉద్యోగం ద్వారా ఒకేసారి కార్డులొస్తే భార్యకు ఐదేళ్ల దారే ముందు తెరుచుకుంటుంది. మూడేళ్ల దారిలో అప్లై చేశాక, ఓత్ (పౌరసత్వ ప్రమాణం) తీసుకునేలోపు విడాకులైనా, భాగస్వామి చనిపోయినా ఆ అర్హత పోతుంది.

90 రోజుల ముందు: ఒక లెక్క చేసి చూద్దాం

ఐదేళ్లు లేదా మూడేళ్లు పూర్తయ్యే రోజుకు 90 రోజుల ముందు నుంచి ఫైల్ చేయొచ్చు. 90 రోజులంటే 90 రోజులే, మూడు నెలలు కాదు. మీ కార్డు మీద 2021 మార్చి 15 అని ఉందనుకోండి. ఐదేళ్లు నిండేది 2026 మార్చి 15న. అక్కడి నుంచి వెనక్కి: మార్చిలో 15 రోజులు, ఫిబ్రవరిలో 28, జనవరిలో 31, మొత్తం 74. ఇంకా 16 కావాలి. డిసెంబరు 31 నుంచి 16 వెనక్కి వెళ్తే 2025 డిసెంబరు 15. అంతకు ఒక్క రోజు ముందు పంపినా అర్హత లేనట్టే. మధ్యలో లీపు సంవత్సరం ఫిబ్రవరి వస్తే లెక్క ఒక రోజు జరుగుతుంది. అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే శాఖ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో ఇందుకోసమే ఒక క్యాలిక్యులేటర్ ఉంది, దానితో సరిచూసుకోండి. ఆ తర్వాత కూడా మూడు నాలుగు రోజులు ఆగి పంపడం మేలు. నాలుగు రోజులు ఆలస్యమైతే పోయేదేమీ లేదు, ఒక రోజు తొందరపడితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

రెండు లెక్కలు వేరువేరు

ప్రయాణాల విషయంలో రెండు షరతులున్నాయి. చాలామంది రెంటినీ కలిపేసి గందరగోళపడతారు.

మొదటిది, అమెరికా గడ్డ మీద ఉన్న రోజులు. ఐదేళ్ల దారిలో కనీసం 913 రోజులు, మూడేళ్ల దారిలో కనీసం 548 రోజులు. విమానమెక్కిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. నోట్‌బుక్కులో మూడు గళ్లు గీసి ప్రతి ట్రిప్పుకు వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, బయట గడిపిన రోజులు రాయండి. పాస్‌పోర్టులో ఇండియా ఇమిగ్రేషన్ వేసిన స్టాంపులు దీనికి మంచి ఆధారం. స్టాంపు అలుక్కుపోయి ఉంటే పాత ఈమెయిళ్లలో టికెట్లు వెతకండి. కెనడాకు వారాంతం వెళ్లొచ్చినా, మెక్సికో బీచికి నాలుగు రోజులు వెళ్లినా రాయాల్సిందే. 24 గంటలు దాటిన ప్రతి ప్రయాణాన్నీ ఫారం అడుగుతుంది.

రెండోది, నివాసం తెగకుండా ఉండటం. దెబ్బ తినేది ఎక్కువగా ఇక్కడే. ఒకే ట్రిప్పులో ఆరు నెలలు, అంటే 180 రోజులు దాటితే నివాసం తెగిందనే ముందుగా అనుకుంటారు. తెగలేదని చూపించే భారం మీది. ఉదాహరణకు సంక్రాంతికని 2024 జనవరి 10న బయల్దేరారు. నెలలో వచ్చేద్దామనుకున్నారు. నాన్నగారికి ఒంట్లో బాగాలేక జూలై 20న తిరిగొచ్చారు. జనవరిలో మిగిలినవి 21, తర్వాత 29, 31, 30, 31, 30, జూలైలో దిగిన రోజు తీసేస్తే 19. మొత్తం 191 రోజులు. హద్దు దాటింది.

అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. ఆ కాలంలో అమెరికాలో ఉద్యోగం వదులుకోలేదని కంపెనీ లెటరు, సెలవు మంజూరు చేసిన కాగితం, ఇంటి లీజు లేదా మార్ట్‌గేజ్ కట్టిన వివరాలు, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారని స్కూలు రికార్డులు, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ ఒక ఫోల్డరులో పెట్టుకోండి. ఇండియాలో ఉద్యోగంలో చేరలేదన్నది వీటిలో బలమైన అంశం. కారణం ఎంత న్యాయమైనదైనా కాగితాలు లేకుండా నోటిమాటగా చెబితే ఆఫీసరు ఒప్పుకోవడం కష్టం.

ఏడాది, అంతకంటే ఎక్కువ బయట ఉంటే వాదించడానికేమీ ఉండదు, నివాసం తెగినట్టే. ఐదేళ్ల దారిలో తిరిగొచ్చిన రోజు నుంచి 4 ఏళ్ల 1 రోజు, మూడేళ్ల దారిలో 2 ఏళ్ల 1 రోజు గడిచాకే మళ్లీ అప్లై చేయొచ్చు. ఇక్కడొక మెలిక ఉంది. సరిగ్గా 4 ఏళ్ల 1 రోజుకు పంపితే, వెనక్కి చూసే ఐదేళ్లలో మీరు బయట ఉన్న దాదాపు ఏడాది ఇంకా కనిపిస్తుంది. ఆరు నెలలు దాటిన ప్రశ్న మళ్లీ లేస్తుంది. 4 ఏళ్ల 6 నెలలు దాటాక పంపితే ఆ చిక్కు ఉండదు.

రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) ఉంది కాబట్టి ఏడాదిన్నర ఉన్నా ఫర్వాలేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పర్మిట్ గ్రీన్ కార్డును కాపాడుతుంది, సిటిజన్‌షిప్ లెక్కను కాపాడదు. దానికి వేరే ఫారం ఉంది, ఎన్-470. అమెరికన్ కంపెనీ విదేశీ వాణిజ్యం పని మీద పంపినవాళ్లు, అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు, కొన్ని పరిశోధన సంస్థలవాళ్లు, మతసంస్థలవాళ్లు మాత్రమే వాడుకోగలరు. గ్రీన్ కార్డు వచ్చాక ఒక ఏడాది అమెరికా దాటకుండా ఉండి తీరాలి. మతసంస్థలవాళ్లు తప్ప మిగతావాళ్లు బయట ఏడాది నిండకముందే దాన్ని ఫైల్ చేయాలి. కంపెనీ మిమ్మల్ని రెండేళ్లకని హైదరాబాద్ ఆఫీసుకు పంపుతుంటే టికెట్టు కొనే ముందే లాయరుతో మాట్లాడండి. కంపెనీ యాజమాన్యం అమెరికన్లదేనా అన్నది కూడా చూస్తారు.

ఇక ఏటా ఐదు నెలలు ఊళ్లో, ఏడు నెలలు ఇక్కడ గడిపే అమ్మానాన్నల సంగతి. ఏ ట్రిప్పూ 180 రోజులు దాటకపోతే, ఏటా 150 రోజుల చొప్పున ఐదేళ్లలో బయట ఉన్నది 750 రోజులు. మొత్తం 1,826లో ఇంకా 1,076 మిగులుతాయి కాబట్టి సరిపోతుంది. అదే ప్రతిసారీ 178 రోజులు ఉండి వస్తే 890 అవుతుంది. అంచు మీద నడిచినట్టే, ఒక్క విమానం రద్దయినా పోతుంది. పైగా ఇలా వచ్చి పోతూ ఉంటే అసలు నివాసం ఎక్కడన్న ప్రశ్న ఆఫీసరు వేయవచ్చు.

ఇంకో చిన్న షరతు: ఫైల్ చేసేనాటికి మీరున్న రాష్ట్రంలో లేదా యూఎస్‌సీఐఎస్ డిస్ట్రిక్టులో మూడు నెలలుగా ఉంటూ ఉండాలి. కొత్త ప్రాజెక్టు కోసం డాలస్ నుంచి న్యూజెర్సీకి మారితే ఆ మూడు నెలలు ఆగండి. ఇల్లు మారిన 10 రోజుల్లోపు ఏఆర్-11 ఫారం ద్వారా అడ్రసు తెలపడం ఎలాగూ తప్పనిసరి.

రోజులు సరిపోయినా ఆపేసేవి

గుడ్ మోరల్ క్యారెక్టర్, అంటే మంచి నడవడిక, అన్నది రెండో పెద్ద పరీక్ష. 2025 ఆగస్టు నుంచి ఆఫీసర్లు దీన్ని ఇంకా విస్తారంగా చూడాలని యూఎస్‌సీఐఎస్ ఆదేశాలిచ్చింది. తప్పులు లేకపోవడంతో ఆగకుండా మీ జీవనం మొత్తాన్ని తూకం వేస్తారు.

పన్నులతో మొదలుపెట్టండి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో ఐదేళ్ల ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు ఉచితంగా వస్తాయి, దించుకోండి. మూడేళ్ల దారి అయితే మూడేళ్లవి చాలు. ఇండియాలో అద్దె, ఎఫ్‌డీ వడ్డీ వస్తుంటే అవి అమెరికా రిటర్నులోనూ ఉండాలి. వదిలేసి ఉంటే ముందు సవరించి కట్టి, ఆ తర్వాత అప్లై చేయండి. బాకీ ఉండి వాయిదాల ఒప్పందం ప్రకారం కడుతుంటే ఆ ఒప్పందం, కట్టిన రసీదులు వెంట తీసుకెళ్లండి. గ్రీన్ కార్డు వచ్చాక ఏ ఏడాదైనా నాన్‌రెసిడెంట్‌గా రిటర్ను వేసి ఉంటే అది గట్టి దెబ్బ. పర్మనెంట్ రెసిడెన్సీ వదులుకున్నారని అనుకోవడానికి అదే ఆధారమవుతుంది.

ఓటు విషయం ఇంకా ప్రమాదం. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు కౌంటరు దగ్గర స్క్రీను మీద వరసగా ప్రశ్నలొస్తాయి. ఓటరుగా నమోదు చేయమంటారా అన్నదానికి చదవకుండా 'ఎస్' నొక్కినవాళ్లున్నారు. సిటిజన్ కాకుండా సిటిజన్‌నని చెప్పడం, ఓటు వేయడం గ్రీన్ కార్డునే పోగొట్టగల తప్పులు. ఓటరు కార్డు ఇంటికొచ్చినట్టు గుర్తుంటే ఎన్-400 పంపకుండా ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

18 నుంచి 26 ఏళ్ల మధ్య గ్రీన్ కార్డు మీద ఉన్న మగపిల్లలు సెలెక్టివ్ సర్వీస్‌లో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పెట్టిన జాబితాలో) నమోదై ఉండాలి. 26 నిండేదాకా ఎఫ్‌వన్ (చదువు), హెచ్‌వన్ (ఉద్యోగం) లాంటి వీసాల మీద సక్రమంగా ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. నమోదు చేసుకోకుండా 26 దాటిపోతే, కావాలని మానలేదని వివరించుకోవాలి. 31 దాటాక ఈ చిక్కు సాధారణంగా సడలుతుంది.

ట్రాఫిక్ టికెట్లున్నా చెప్పాలి. అరెస్టు లేకుండా, మద్యం, మత్తు ప్రమేయం లేకుండా, 500 డాలర్లలోపు జరిమానాతో పోయినవాటికి కాగితాలు జతచేయనక్కర్లేదు. తాగి నడిపిన కేసులు రెండు రుజువైతే ఆ కాలానికి మంచి నడవడిక లేదనే ముందుగా అనుకుంటారు. కోర్టు కొట్టేసిన కేసైనా, ఎప్పటిదైనా కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి.

ఇంకొక ప్రశ్న మన రాష్ట్రాలవాళ్లను ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతుంది. ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా గాని, దానితో సంబంధంలో గాని ఉన్నారా అని ఫారం అడుగుతుంది. గుంటూరులోనో, వరంగల్‌లోనో, ఉస్మానియాలోనో చదివే రోజుల్లో విద్యార్థి సంఘంలో తిరిగినవాళ్లు ఎంతమందో. చట్టంలోని అడ్డంకి ఫైల్ చేయడానికి ముందు పదేళ్ల సభ్యత్వానికి సంబంధించింది, 16 ఏళ్లలోపు సభ్యత్వం లాంటి మినహాయింపులూ ఉన్నాయి. కాని ప్రశ్న మాత్రం 'ఎప్పుడైనా' అని. దాచడం నిజం చెప్పడం కన్నా ఎక్కువ చేటు. గ్రీన్ కార్డు ఫారంలో ఇదే ప్రశ్నకు ఏం రాశారో పాత కాపీ తీసి చూసుకోండి. రెండు జవాబులు వేరుగా ఉండేలా ఉంటే లాయరు సలహా తీసుకోండి.

ఉద్యోగం ద్వారా కార్డు వచ్చినవాళ్లకు మరో మాట. ఆ కార్డు సక్రమంగా వచ్చిందా అని ఆఫీసరు తిరిగి చూడొచ్చు. కార్డు రాగానే స్పాన్సర్ చేసిన కంపెనీని వదిలేసి ఉంటే అప్పటి పే స్టబ్బులు, ఏడాది జీతం చూపే డబ్ల్యూ-2లు, మారడానికి కారణం తెలిపే కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి.

అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాకపోతే

ఇంగ్లీషు మినహాయింపులో రెండు జతల అంకెలు గుర్తుపెట్టుకోండి. 50 ఏళ్ల వయసు, పర్మనెంట్ రెసిడెంట్‌గా 20 ఏళ్లు. లేదా 55 ఏళ్ల వయసు, 15 ఏళ్లు. ఈ రెంటిలో ఏది ఉన్నా సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించిన) పరీక్షను తెలుగులోనే ఇవ్వొచ్చు, అనువాదకుణ్ణి మీరే వెంటబెట్టుకు వెళ్లాలి. 65 ఏళ్లు నిండి 20 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంకా సులువు. ప్రత్యేకంగా గుర్తుపెట్టిన 20 ప్రశ్నల నుంచే 10 అడుగుతారు, 6 చెబితే చాలు. ఆ 15, 20 ఏళ్లు ఏకధాటిగా ఉండనక్కర్లేదు, మొత్తం కలిస్తే చాలు.

అయితే వయసు, ఏళ్లు రెండూ ఫైల్ చేసే రోజుకే నిండి ఉండాలి, ఇంటర్వ్యూ రోజుకు కాదు. కార్డు వచ్చి 15 ఏళ్లు నిండిన అమ్మకు 54 ఏళ్ల 10 నెలలుంటే రెండు నెలలు ఆగి పంపండి. ఆ రెండు నెలలతో ఇంగ్లీషు పరీక్షే తప్పిపోతుంది. మతిమరుపు, పక్షవాతం లాంటి జబ్బుల వల్ల నేర్చుకోలేని స్థితిలో ఉంటే డాక్టరు నింపి ఇచ్చే ఎన్-648 ఉంది. జబ్బు పేరొక్కటే రాస్తే కుదరదు. అది నేర్చుకోవడాన్ని, గుర్తుపెట్టుకోవడాన్ని ఎలా అడ్డుకుంటోందో డాక్టరు వివరంగా రాయాలి.

పంపడం

ఆన్‌లైన్‌లో ఫీజు 710 డాలర్లు, కాగితం మీదైతే 760. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు 380 తగ్గింపు ఫీజు ఉంది. కాగితం ఫారం పంపేవాళ్ల దగ్గర 2025 అక్టోబరు 28 నుంచి చెక్కులు, మనీ ఆర్డర్లు మామూలుగా తీసుకోవడం లేదు. క్రెడిట్ లేదా డెబిట్ కార్డుతో అయితే జీ-1450 ఫారం, బ్యాంకు ఖాతా నుంచి అయితే జీ-1650 ఫారం జతచేయాలి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి పంపే రోజు యూఎస్‌సీఐఎస్ ఫీజు పేజీ ఒకసారి చూడండి.

చేతి దగ్గర ఉండాల్సినవి: గ్రీన్ కార్డు రెండు వైపుల కాపీ, ఐదేళ్ల అడ్రసులు, ఐదేళ్ల ఉద్యోగాలు లేదా చదువులు, ఇందాక రాసుకున్న ట్రిప్పుల పట్టిక. ఖాళీగా ఉన్న నెలలను వదిలేయకండి, ఉద్యోగం లేదని రాయండి. మూడేళ్ల దారి అయితే పెళ్లి సర్టిఫికెట్, భాగస్వామి సిటిజన్ అనే రుజువు, జాయింట్ బ్యాంకు ఖాతా, లీజు, కలిసి వేసిన ట్యాక్స్ రిటర్నులు కూడా.

పేరు మార్చుకోవాలంటే ఇదే మంచి సమయం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లు, ఇంటిపేరు, సొంత పేరు తారుమారైనవాళ్లు ఎన్-400లోనే కోరుకోవచ్చు. అది జరగాలంటే ఓత్ కోర్టులో జడ్జి ముందు ఉండాలి కాబట్టి కాస్త ఆలస్యమవచ్చు. జీవితాంతం బ్యాంకుల్లో, విమానాశ్రయాల్లో వివరణ ఇచ్చుకోవడం కన్నా ఈ ఆలస్యమే నయం.

ఫైల్ చేశాక రసీదు వస్తుంది, తర్వాత బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో), తర్వాత ఇంటర్వ్యూ. ఈలోగా లాంగ్ ట్రిప్పులు పెట్టుకోకండి. నివాసం ఓత్ రోజుదాకా కొనసాగాలి.

ఇంటర్వ్యూ రోజు

ఆఫీసరు కుడిచెయ్యి ఎత్తించి నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. తర్వాత మీ ఫారంలోని ప్రశ్నలే ఒక్కొక్కటిగా. ఫైల్ చేశాక చేసిన ప్రయాణాలు, మారిన ఉద్యోగం, పడిన ట్రాఫిక్ టికెట్ అప్పుడు మీరే చెప్పాలి. ఈ మాటల్లోనే మీ ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష కూడా అయిపోతుంది. 'టార్చర్', 'జెనోసైడ్', 'పర్సిక్యూషన్' లాంటి మాటలకు అర్థమేమిటని అడగొచ్చు. ఊరికే 'నో' అంటూ పోకుండా వాటి అర్థం ముందే తెలుసుకోండి. చదవడానికి మూడు వాక్యాలిస్తారు, ఒకటి సరిగా చదివితే చాలు. రాయడానికి మూడు, అందులో ఒకటి.

2025 అక్టోబరు 20న గాని, ఆ తర్వాత గాని ఫైల్ చేసినవాళ్లకు కొత్త సివిక్స్ పరీక్ష: 128 ప్రశ్నల జాబితా, 20 దాకా అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. పాత 100 ప్రశ్నల పుస్తకం స్నేహితుల దగ్గర తీసుకుని చదవకండి. మీ గవర్నరు, సెనేటర్ల లాంటి పేర్లు ఇంటర్వ్యూకు ముందు రోజు మళ్లీ చూసుకోండి. ఎన్నికల తర్వాత మారి ఉండొచ్చు.

తప్పితే 60 నుంచి 90 రోజుల్లో తప్పిన భాగానికే ఇంకో అవకాశం ఇస్తారు. దరఖాస్తు తిరస్కరిస్తే ఎన్-336తో 30 రోజుల్లోపు పునర్విచారణ కోరవచ్చు. ఇంటర్వ్యూ అయ్యి 120 రోజులు దాటినా నిర్ణయం రాకపోతే ఫెడరల్ కోర్టుకు వెళ్లే హక్కు ఉంది.

ఓత్ దాకా, ఓత్ తర్వాత

ఇంటర్వ్యూలో పాసైతే సిటిజన్ అయినట్టు కాదు, ఓత్ తీసుకున్న క్షణాన అవుతారు. ఇంట్లో 16, 17 ఏళ్ల పిల్లలుంటే ఈ తేడా చాలా పెద్దది. గ్రీన్ కార్డు ఉండి, మీ కస్టడీలో అమెరికాలో మీతోనే ఉంటున్న బిడ్డకు 18 నిండకముందే తల్లిదండ్రుల్లో ఒకరు ఓత్ తీసుకుంటే, ఆ బిడ్డ వేరే దరఖాస్తు లేకుండా దానంతటదే సిటిజన్ అవుతుంది. 18వ పుట్టినరోజు దాటిపోతే సొంతంగా ఎన్-400 వేసుకోవాల్సిందే. అందుకే పిల్లల వయసు దగ్గరపడుతుంటే 90 రోజుల కిటికీ తెరుచుకోగానే ఫైల్ చేయండి, తల్లీ తండ్రీ ఇద్దరూ వేయండి. ఎవరిది ముందైతే అది పనికొస్తుంది. బిడ్డ ఇంకా గ్రీన్ కార్డు రాక, హెచ్‌వన్‌బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీదే ఉంటే మాత్రం ఇది వర్తించదు.

ఓత్ రోజు గ్రీన్ కార్డు తీసేసుకుంటారు. సర్టిఫికెట్ ఇచ్చాక అక్కడే నిలబడి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తర్వాత దిద్దించడానికి చాలా తిరగాలి. ఆపై అమెరికా పాస్‌పోర్టుకు అప్లై చేయండి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో మీ స్థితి మార్పించుకోండి.

ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓత్‌తోనే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. దాన్ని సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆలస్యం చేస్తే, దాని మీద ప్రయాణం చేస్తే అపరాధ రుసుము పడుతుంది. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు అప్లికేషనుకు ఆ సర్టిఫికెట్టే ఆధారం. అమెరికా పాస్‌పోర్టు, సరెండర్, ఓసీఐ ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సినవి. కాబట్టి ఓత్ తేదీ తెలియకుండా ఊళ్లో పెళ్లికి టికెట్లు కొనకండి.

పొలం పోతుందనే భయం చాలామందిలో ఉంది. వ్యవసాయ భూమి కొత్తగా కొనకూడదన్న ఆంక్ష ఎన్నారైగా ఉన్నప్పుడూ ఉన్నదే, ఓసీఐకీ ఉంది. ఇండియాలో నివాసి‌గా ఉన్నప్పుడు కొన్న భూమిని ఉంచుకోవచ్చు, అక్కడే నివసించే నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. ఓటు హక్కు మాత్రం పోతుంది.